హేతువు వేషంలో వచ్చేవి

చూడటానికి హేతువులా ఉండి, విషయాన్ని నిరూపించలేనిదాన్ని తర్కశాస్త్రం హేత్వాభాసం అంటుంది. గౌతముడి న్యాయసూత్రాలు వీటిని ఐదుగా లెక్కించాయి. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు, పిల్లలకు సులువుగా బోధపడాలని రాసిన తర్కసంగ్రహంలోనూ ఐదే. పేర్లలో కొద్దిపాటి తేడా. ఆయన ఉదాహరణల్లో ఎక్కువగా కనిపించేవి కొండలు, కుండలు, పొగ, నిప్పు. తప్పులు మాత్రం టీ కొట్టు దగ్గర రోజూ వినపడేవే.

మొదటిది సవ్యభిచారం. "తాతయ్య జీవితమంతా చుట్ట కాల్చాడు, తొంభై ఏళ్లు బతికాడు. చుట్ట ఏం చేస్తుంది?" అనే వాదన ఈ కోవలోది. చుట్ట కాల్చి యాభైకే పోయినవాడు ఒక్కడు కనబడితే హేతువు జారిపోతుంది. రెండోది విరుద్ధం, ఇది అసలుకే ఎసరు: "ఈ మాత్ర రోగాన్ని కుదిర్చేసింది, పదేళ్లుగా మానకుండా వేసుకుంటున్నా" అన్నవాడు తన మాటను తానే కొట్టేసుకున్నాడు. కళ్లెదుటి సాక్ష్యమే కాదంటున్నా వాదించడం బాధితం. దానికి వివరణ అక్కర్లేదు.

అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైనది అసిద్ధం అనే హేత్వాభాసంలోని ఒక రకం. కొండ మీద నిప్పుంది కాబట్టి పొగ కూడా ఉంటుందని ఒకరంటారు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టె తోడవాలి. వాదంలో చెప్పకుండా దాచిన ఈ షరతుకే ఉపాధి అని పేరు. "మా కాలేజీలో చేరితే ర్యాంకు ఖాయం" అనే ప్రకటనను దీంతో పరీక్షించవచ్చు. చేర్చుకునేముందే పరీక్ష పెట్టి చురుకైనవాళ్లను ఏరి, వాళ్లను ప్రత్యేక సెక్షన్‌లో కూర్చోబెడితే, ర్యాంకులో కాలేజీ వాటా ఎంత, పిల్లవాడి వాటా ఎంత? ప్రకటన ఆ లెక్క చెప్పదు. చేరి ర్యాంకు రానివాళ్ల ఫొటోలూ వేయదు. తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్న ఫీజు గురించి కన్నా ముందు ఇదే.

హేత్వాభాసాలను కూడా కలుపుకుని, వాదంలో ఓడిపోయే సందర్భాలను గౌతముడు 22 నిగ్రహస్థానాలుగా చెప్పాడు. వాటిలో టీవీ చర్చలకు బాగా అలవాటైనది మతానుజ్ఞ. అవినీతి ఆరోపణకు "మీ హయాంలో జరగలేదా?" అన్నదే జవాబైతే, తన మీది ఆరోపణ అలాగే నిలిచి ఉంటుంది. ఎదుటివాడి తప్పు నిజమే కావచ్చు, దాని విచారణ వేరు. గౌతముడి శాస్త్రం మాత్రం ఆ జవాబిచ్చినవాణ్ణి ఓడినట్టే లెక్కిస్తుంది.