తీర్పులో నేర్పు

1896లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీలో లా చదువుతున్న ఫీల్డింగ్ యోస్ట్ ఉన్నట్టుండి లఫయెట్ కాలేజీకి మారిపోయాడు. చేరింది మొదటి సంవత్సరంలో. అదీ లఫయెట్‌కు చిరకాల ప్రత్యర్థి అయిన పెన్సిల్వేనియా యూనివర్సిటీ జట్టుతో ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గర పడ్డాక. ఆడాడు, గెలిపించాడు. మరుసటి వారానికి మళ్లీ వెస్ట్ వర్జీనియా లా కాలేజీలో ఉన్నాడు. సంక్రాంతి కబడ్డీ పోటీకి పక్క మండలం నుంచి కుర్రాణ్ణి దింపి, ఇతను మా మేనల్లుడేనండీ అని బుకాయించే పెద్దమనుషుల్ని చూసినవాళ్లం కనక మనకు ఇందులో వింతేమీ కనబడదు. కాకపోతే ఈ కథ నాకు దొరికింది ఆటల చరిత్ర పుస్తకంలో కాదు, అమెరికా సుప్రీంకోర్టు తీర్పులో.

ఆ తీర్పు ఎన్‌సీఏఏ వర్సెస్ ఆల్‌స్టన్. 2021 జూన్ 21న వచ్చింది. రాసింది జస్టిస్ నీల్ గోర్సచ్, ఒప్పుకున్నది తొమ్మిదిమందీ. ఇవాళ అమెరికాలో కాలేజీ ఆటగాడు ఏడాదికో యూనివర్సిటీ మారుతున్నాడన్నా, ఇరవై నిండని పిల్ల బూట్ల కంపెనీ ప్రకటనలో కనబడి డబ్బు తీసుకుంటోందన్నా, ఆ మాట వెనకాలే ఈ తీర్పు పేరు వస్తుంది. అయితే ఇందులో బదిలీల మీద ఆదేశం లేదు, ప్రకటనల మీదా లేదు. తేల్చింది చాలా చిన్న సంగతి. అంత చిన్న సంగతిని తేలుస్తూ అంత పెద్ద తలుపును ఎలా తెరవగలిగారన్నది దాని కట్టుబడిలోనే ఉంది. నేను దాన్ని న్యాయశాస్త్రంగా కాదు, పనితనంగా చదివాను.

ముందు తగాదా ఏమిటో చెప్పాలి. అమెరికా యూనివర్సిటీల ఆటల్లో చాలావాటి మీద పెత్తనం ఎన్‌సీఏఏ అనే సంఘానిది. ఆటగాడికి ఏమివ్వాలో, ఏమివ్వకూడదో అది నియమాలు పెట్టింది. సభ్య కాలేజీలన్నీ ఆ గీత దాటకూడదు. వ్యాపారులు కూడబలుక్కుని ధర బిగిస్తే నేరమనే షెర్మన్ చట్టం అమెరికాలో 1890 నుంచీ ఉంది. మరి కాలేజీలు కూడబలుక్కుని ఆటగాళ్ల ప్రతిఫలాన్ని బిగిస్తే? వెస్ట్ వర్జీనియా ఫుట్‌బాల్ జట్టులో ఆడిన షాన్ ఆల్‌స్టన్, మరికొందరు ఇదే అడిగారు. కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి క్లాడియా విల్కెన్ 2019లో సగం దారిలో ఆగారు. ఆటకు జీతమివ్వకూడదన్న నియమాన్ని ఆమె కదపలేదు. చదువుకు సంబంధించిన సాయానికి పెట్టిన పరిమితులను మాత్రం కొట్టేశారు. కంప్యూటర్లు, సంగీత వాయిద్యాలు, పై చదువుల ఫీజులు, ట్యూషన్లు, జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్‌లు. సుప్రీంకోర్టు దాకా వచ్చింది ఈ రెండో సగమే. మొదటి సగం కోసం ఆటగాళ్లు సుప్రీంకోర్టును అడగలేదు.

అంటే గోర్సచ్ చేతికొచ్చింది ఓ ల్యాప్‌టాప్ తగాదా. అక్కడ ఆయన చేసిన మొదటి పని చరిత్ర చెప్పడం.

ఎన్‌సీఏఏ వాదనంతా ఒక్క మాట మీద నిలబడింది: కాలేజీ ఆట అంటే డబ్బు ముట్టని ఆట, అది మా సంప్రదాయం, జనం టిక్కెట్లు కొనేది దాన్ని చూసే. సామాన్యుడైన న్యాయమూర్తి అయితే దీనికి ఎదురు వాదన రాస్తాడు. గోర్సచ్ వాదించలేదు, కథలు చెప్పుకుంటూ పోయారు. మొదటి కథ 1852 నాటిది. న్యూహాంప్‌షైర్‌లోని ఓ సరస్సులో హార్వర్డ్, యేల్ విద్యార్థుల పడవ పందెం. దాని ఖర్చు పెట్టుకున్నది ఓ రైల్వే అధికారి. పోటీదార్లకు ఉచిత విడిది, ఘనమైన బహుమతులు, తాగినంత మద్యం. అమెరికాలో కాలేజీ ఆట పుట్టిందే వ్యాపారి ఒళ్లో అన్నమాట! ఆ మాట ఆయన అనలేదు, మనచేత అనిపించారు. తరవాత జేమ్స్ హోగన్ వస్తాడు. ఇతన్ని యేల్ జట్టు భోజనం, ఫీజు, క్యూబా యాత్ర, మ్యాచ్‌ల దగ్గర స్కోరు కార్డులు అమ్ముకునే హక్కు, పైగా ఓ సిగరెట్ కంపెనీ ఏజెంటు ఉద్యోగం ఎరవేసి తెచ్చుకుందట. 1939లో పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ ఫస్టియర్ కుర్రాళ్లు సమ్మె కట్టారు. సీనియర్లకు తమకంటే ఎక్కువ ముడుతోందని. ఇక వాషింగ్టన్ యూనివర్సిటీ వీరుడు హ్యూ మెకెల్హెనీ ఉన్నాడు. ప్రొఫెషనల్ ఆటలో చేరడానికి జీతం తగ్గించుకున్న మొదటి కాలేజీ ఆటగాడని పేరు పడ్డవాడు. డిగ్రీ పూర్తిచేస్తే నష్టపోతానని వాపోయాడట.

ఈ వరసలో విశేషణాలు దాదాపు లేవు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఒక్కో కథా కొన్ని వాక్యాలే. సంప్రదాయం అన్న మాట చుట్టూ ఇన్ని ముచ్చట్లు పేర్చేసరికి, వాదన మొదలవకముందే ఆ మాట పలచబడిపోయింది.

ఇంతకంటే నాకు నచ్చింది యోస్ట్ కథను తీసెయ్యకపోవడం. ఆలోచించి చూడండి, ఆ కథ ఎన్‌సీఏఏకే పనికొస్తుంది. ఎక్కడ డబ్బెక్కువైతే అక్కడికి వెళ్లి ఓ మ్యాచ్ ఆడి వెళ్లిపోయే సంచారి ఆటగాళ్లు ఉండబట్టే కదా, నియమాలు పెట్టే సంఘం కావలసి వచ్చింది! మైదానంలో ప్రాణాలు పోయిన లెక్క కూడా గోర్సచ్ దాచలేదు. ఫుట్‌బాల్‌లో 1893లో ఏడుగురు, 1905లో 18 మంది. అమెరికా ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, చంకలో పెట్టుకుని మందను ఢీకొట్టేది. ఆ మరణాల తరవాతే ప్రెసిడెంట్ థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లను పిలిచి కూర్చోబెట్టాడు. ఎన్‌సీఏఏ పుట్టుకకు దారి వేసింది ఆ పిలుపే. సంఘానికి ఓ మంచి కారణం ఉందని ముందే ఒప్పుకుని, ఆ మీదట దాన్ని ఓడించడం ఈ రచనలోని పెద్దరికం.

రెండో నేర్పు అంకెలది. చరిత్ర భాగం చివర ఓ చిన్న నిచ్చెన ఉంది. తీర్పు నాటికి ఎన్‌సీఏఏ అధ్యక్షుడి జీతం ఏడాదికి దాదాపు 40 లక్షల డాలర్లు. పెద్ద కాన్ఫరెన్సుల, అంటే కాలేజీ కూటముల, కమిషనర్లకు 20 నుంచి 50 లక్షలు. కాలేజీల ఆటల డైరెక్టర్లకు సగటున 10 లక్షల పైన. పేరున్న ఫుట్‌బాల్ కోచ్‌కు కోటీ పది లక్షల దగ్గర. నాలుగు పొడి వాక్యాలు. ఆటగాడి అంకె అక్కడ లేదు. రాయనక్కర్లేదని ఆయనకు తెలుసు. 1956లో ఎన్‌సీఏఏ ఉదారంగా అనుమతించిన చిల్లర ఖర్చుల్లో బట్టలుతికించుకోవడం ఒకటని పాఠకుడు అంతకుముందే చదివి ఉంటాడు.

మూడోది అసలైన సాము. 1984లో ఇదే సుప్రీంకోర్టు, టీవీ హక్కుల కేసులో ఎన్‌సీఏఏను ఓడిస్తూనే, ఆటగాళ్లకు డబ్బివ్వకపోవడం ఈ ఆట స్వభావమని ఓ మాట జారవిడిచింది. ముప్పై ఏడేళ్లుగా ఎన్‌సీఏఏ కవచం ఆ మాటే. పాత తీర్పును తప్పనకుండా ఆ కవచం ఎలా విప్పాలి? గోర్సచ్ రెండు కదలికల్లో పూర్తిచేశారు. ఆ కేసు ఆటగాళ్ల ప్రతిఫలం గురించి కాదు కనక అది దారిన పోతూ అన్న మాట. ఇక అప్పటి బజారు ఇప్పటి బజారు కాదు: 1982-84 మధ్య మార్చి బాస్కెట్‌బాల్ పోటీల ప్రసారానికి టీవీ సంస్థ ఇచ్చింది ఏడాదికి 1.6 కోట్ల డాలర్లు, 2016లో దాదాపు 110 కోట్లు. చెప్పదలచుకుంది ఆ రెండు అంకెల మధ్యే ఉంది.

ఇక్కడో కొసరు. 1984లో ఎన్‌సీఏఏ పక్షాన అసమ్మతి రాసిన న్యాయమూర్తి బైరన్ వైట్. ఆయన కొలరాడో యూనివర్సిటీ ఫుట్‌బాల్ వీరుడు, ఆ తరవాత డబ్బు తీసుకుని ప్రొఫెషనల్‌గా ఆడినవాడు కూడా. ఆ వైట్ దగ్గర లా క్లర్కుగా పనిచేసిన కుర్రాడే ఈ గోర్సచ్. గురువు నిలిపిన గోడలో శిష్యుడు తలుపు పెట్టాడు.

ఈ తీర్పు గురించి మాట్లాడేవాళ్లలో చాలామంది గోర్సచ్‌ను వదిలి, ఏకీభవిస్తూ విడిగా రాసిన జస్టిస్ బ్రెట్ కవనా పేజీలనే పట్టుకుంటారు. అవి అయిదారే. వాటిలో పెద్ద ఆకర్షణ వంటవాళ్ల పోలిక: ఓ ప్రాంతంలోని హోటళ్లన్నీ కలిసి, మా గిరాకీకి తక్కువ జీతగాడు వండిన కూడే ఇష్టం అని వంటవాళ్ల జీతాలు కోస్తే చట్టం ఊరుకుంటుందా అని. ఎన్‌సీఏఏ వాదనను ముక్కస్య ముక్కగా వంటింట్లోకి మార్చి చూపించడం నిజంగా మెరుపే. అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది! లాయర్లు, నర్సులు, విలేకరులు, సినిమావాళ్లు అంటూ ఇంకో నాలుగు పోలికలు పేర్చారు. మొదటిదానిలోని పదును, జనం ఇష్టపడుతున్నారన్న వాదన, తరవాతివాటిలో లేదు. అవి వృత్తి మీద ప్రేమ అనే వేరే సాకు మీదికి జారిపోయాయి. నాకైతే గోర్సచ్ చెయ్యే గొప్ప. కవనాలో మెచ్చుకోవలసింది ముగింపు దగ్గర ఉంది. టస్కలూసా స్టేడియంలో జనసంద్రం, డర్హమ్ జిమ్‌లో కిక్కిరిసిన కేకలు, యూజీన్‌లో పరుగు పందాలు అంటూ కాలేజీ ఆటల ఊళ్లను ఆప్యాయంగా, తీర్థాల పేర్లు చదివినట్టు చదివి, ఎన్‌సీఏఏ చట్టానికి మించినది కాదని ఠక్కున ఆపేశారు.

ఆయన రాసింది బాకా అయింది. పది రోజుల తరవాత, 2021 జూలై 1 నుంచి, ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ, పోలికలను అమ్ముకోవచ్చని ఎన్‌సీఏఏ దారి ఇచ్చింది. అమెరికాలో ఎన్‌ఐఎల్ అంటున్నది ఇదే. రాష్ట్రాల చట్టాలు కూడా అప్పటికే తరుముతున్నాయి. కాలిఫోర్నియా 2019లోనే చేసింది. అందరికీ ఒకేలా మాత్రం కలిసిరాలేదు. ఎఫ్-1 వీసా మీద వెళ్లినవాడు కేంపస్ బయట పనిచేస్తే ఏమవుతుందో గుంటూరు నుంచి కరీంనగర్ దాకా ఎన్నో ఇళ్లల్లో తల్లిదండ్రులకు తెలుసు. విదేశీ ఆటగాళ్లకూ అదే సంకెల. పర్డ్యూ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ దిగ్గజం జాక్ ఈడీ కెనడావాడు; రెండేళ్లు వరసగా దేశంలో ఉత్తమ ఆటగాడనిపించుకుని కూడా, తోటివాళ్లలా ఇష్టం వచ్చినట్టు ప్రకటనలు చేసుకోలేకపోయాడు. 2025 జూన్‌లో కాలేజీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించే ఒప్పందానికి కోర్టు ఆమోదం పడింది. మొదటి ఏడాది పరిమితి కాలేజీకి 2.05 కోట్ల డాలర్లు. సంతకం చేసింది మళ్లీ విల్కెన్ గారే.

బదిలీల సంగతీ ఇలాగే కదిలింది. కాలేజీ మారదలచినవాళ్లు పేరు ఎక్కించుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018 అక్టోబరులో వచ్చింది. పెద్ద ఆటల్లో మారినవాడు ఏడాది ఊరికే కూర్చోవాలన్న నియమం మాత్రం ఉండేది. 2021లో మొదటిసారి మారేవాళ్లందరికీ దాన్ని సడలించారు. రెండోసారి మారితే మళ్లీ బెంచీయే. వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి మోంటానా స్టేట్‌కు, అక్కడి నుంచి ఇంకో చోటికి మారిన రేక్వాన్ బ్యాటిల్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు 2023లో అలా కూర్చున్నాడు. కొన్ని రాష్ట్రాలు కలిసి షెర్మన్ చట్టం కిందే కేసు వేశాయి. ఆ డిసెంబరులో జడ్జి జాన్ ప్రెస్టన్ బెయిలీ, ఆల్‌స్టన్ తీర్పును ఆసరా చేసుకుని, ఆ నియమాన్ని ఆపేశారు. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ దాన్ని పూర్తిగా వదులుకుంది.

బెయిలీ గారి కోర్టు ఉన్నది వెస్ట్ వర్జీనియాలో. బ్యాటిల్ చేరిన మూడో కాలేజీ వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ, 1896లో యోస్ట్ వారం రోజుల పాటు వదిలి వెళ్లినదే.