పంక్తియు పండుగయు

పరుల యాచారమును మెచ్చుకొనుట సులభము; మెచ్చినదానిని నిత్యము నడపుట కష్టము. సీతాఫల్‌మండి వాసులమగు మాకు ఈ సంగతి తెలియుటకు దూరము పోవలసిన పనిలేదు. మా పేటకు కొలదిదూరమున, ముషీరాబాదు దాపున గోల్కొండ చౌరస్తాకడ, హెబ్రోను అను క్రైస్తవ ప్రార్థనాస్థలము కలదు. ఆరాధన ముగిసినపిమ్మట ఎల్లరును నేలపై వరుసగా గూర్చుండి ఒక్కవంట భుజించుట అచ్చట నెలకొన్న పద్ధతి. దానిని వారు ప్రేమవిందు అందురు.

దీనిని నెలకొల్పిన భక్తసింగుగారు 1903లో పంజాబున జన్మించి సిక్కు సంప్రదాయమున పెరిగిరి. 1929లో కెనడాలో క్రీస్తును విశ్వసించి, 1933లో స్వదేశమునకు మరలి, 1941లో మద్రాసున సంఘమును స్థాపించి, పిదప హైదరాబాదును కేంద్రముగా జేసికొని, 2000లో ఇచ్చటనే కన్నుమూసిరి. తొలి క్రైస్తవుల ప్రేమవిందే వారికి ఆధారము. అయినను లంగరు గల సంప్రదాయమున పెరిగినవారికి నేలపంక్తి క్రొత్తది కానేరదు. తన దర్శనమునకు వచ్చినవారెవరైనను ముందు పంక్తిలో భుజింపవలెనని సిక్కుల మూడవ గురువు అమరదాసు నియమించెననియు, అక్బరు పాదుషాయు అట్లే కూర్చుండెననియు సిక్కులు చెప్పుకొందురు.

ఇది మనకు పరాయిదనువారు పల్నాటిని మఱచిరి. 12వ శతాబ్దమున బ్రహ్మనాయుడు సకల కులములవారికి చాపకూడు పెట్టెనని పల్నాటివారు చెప్పుకొందురు. కారెంపూడి వీరుల యుత్సవములలో నేటికిని చాపకూడు జరుగుచున్నది. అయితే మనము దానిని పండుగ చేసికొంటిమిగాని పద్ధతి చేసికొనలేదు. ఆ యొక్కదినము గడచినంతనే ఎవరి విస్తరి వారిది.

కార్తికమున జరుగునదేమి? కులమునకొక వనభోజనము! ఉసిరిచెట్టు నీడ అందఱికి నొక్కటియే; పిలుపుమాత్రము కులమును బట్టి. వంటకములు లెక్కకు మిక్కిలి. మిగిలినది చెత్తకుప్ప పాలు. మనము పొదుపును పిసినితనమని యెంచుచున్నాము. కాని విందునకు వ్యయము పెరిగినకొలది పిలువబడువారి సంఖ్య తగ్గును. అన్నమును పప్పును మాత్రమే వండినవాడు తలుపు తెఱచియుంచగలడు. లంగరునకు నిత్యత నిచ్చినది ఈ మితత్వమే. మనము తెచ్చుకొనవలసినది వంటకము గాదు: పిలుపులేని ప్రవేశము, ఒక్కవంట, తిన్నవారే అంట్లు తోముట.

పంక్తియే సర్వమని మేమనము. ఒక్కవరుసలో భుజించి, పెండ్లిమాట వచ్చినప్పుడు కులము విచారించువారు క్రైస్తవులలోను లేకపోలేదు. అయినను కలిసి తిననివారు కలిసి బ్రదుకుట యెట్లు?

వారిచేత ఆ పని చేయించునది విశ్వాసము. విశ్వాసమును విడిచి అలవాటును మాత్రము తేగలమా యని కొందఱడుగుదురు. త్రోసిపుచ్చదగిన ప్రశ్న గాదిది. విశ్వాసము లేని పంక్తి రెండు వారములలో విహారవిందగును. కాని విశ్వాసమును అరువు తేవలసినంత బీదలము కాము. గుడిలో పులిహోర పుచ్చుకొనునపుడు మనము ప్రక్కవాని కులమడుగము. మా పేటలోని గుళ్లలో ఒక్కటియైనను వారమునకొకపూట ఆ ప్రసాదమునే భోజనముగా జేసి, వచ్చినవారినెల్ల నేలపై గూర్చుండబెట్టి వడ్డింపవచ్చును గదా! దొన్నెకు చాలిన విశ్వాసము విస్తరికేల చాలదు?