ఆ కాగితంలో భర్త పేరు లేదు

గయూత్రా బహదూర్ రాసిన 'కూలీ వుమన్' 2013లో వచ్చింది. నేను చదివింది మాత్రం ఈ మధ్యే. 1903లో కలకత్తాలో 'క్లైడ్' అనే ఓడెక్కి, బ్రిటిష్ గయానా చెరకు తోటలకు వెళ్లిన ఒక ఆడమనిషి గురించిన పుస్తకం ఇది. పేరు సుజారియా. వయసు 27. బ్రాహ్మణ కులం. నాలుగు నెలల గర్భిణి. కాలి మీద ఏదో కాలిన మచ్చ. ఇవన్నీ ఆమె వలస పాసులో ఉన్నాయి. భర్త ఎవరన్నది మాత్రం లేదు. ఒంటరిగా బయల్దేరింది, ఓడ మీదే కాన్పయింది. రచయిత్రి ఆమెకు మునిమనవరాలు. గయానాలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరి, అక్కడ జర్నలిస్టు అయింది.

ముత్తవ్వ గురించి దొరికే సమాచారం ఇంతే అయితే పుస్తకం ఎలా రాస్తారు? ఒక పద్ధతి ఉంది: ఆమె చుట్టూ ఉన్న వేలమంది గురించి రాయడం. 1838 నుంచి 1917 దాకా పది లక్షలకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా గయానా, ట్రినిడాడ్, మారిషస్, నేటాల్, ఫిజీ లాంటి చోట్లకు వెళ్లారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు నరకడానికి మనుషులు కావాలి, అదీ అసలు సంగతి. ఓడలో నూరుగురు మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలని రూలు పెట్టారు. దాంతో భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, భర్తను వదిలేసినవాళ్లు, తీర్థయాత్రలకొచ్చి తప్పిపోయినవాళ్లు రిక్రూటర్ల కంటపడేవాళ్లు. అక్కడికి చేరాక, ఆడవాళ్లు తక్కువ కాబట్టి కొందరికి ఊళ్లో లేని స్వేచ్ఛ దొరికింది: మగవాణ్ని ఎంచుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. అదే కారణంగా చెరకు కత్తికి బలైపోయినవాళ్లూ ఉన్నారు. ఈ రెండిటినీ ఒకే చూపుతో చూడటం, ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని దాచకపోవడం ఈ పుస్తకం బలం. కోర్టు కాగితాలు, ఓడ డాక్టర్ల రిపోర్టులు, విచారణ సంఘాల ఫైళ్లు తిరగేసి, తెల్ల అధికారి చేత్తో రాసిన వాక్యంలోంచి ఒక కూలీ స్త్రీ గొంతు వినడానికి ఆమె పడ్డ శ్రమ పేజీ పేజీలో తెలుస్తుంది.

కాగితాలు ఆగిపోయిన చోట బహదూర్ ప్రశ్నలు మొదలుపెడుతుంది. ఒకటీ రెండూ కాదు, వరసగా, పేరాల కొద్దీ ప్రశ్నలు. పారిపోయి వచ్చిందా? మోసపోయి వచ్చిందా? ఆ బిడ్డ ఎవరి బిడ్డ? ఈ తీరు ప్రశ్నలన్నమాట. నవలాకారులైతే ఆ ఖాళీని కల్పనతో నింపేస్తారు. ఈవిడ నింపలేదు. అందుకు నాకు గౌరవం. కానీ ప్రశ్న కూడా అమాయకమైన వాక్యమేమీ కాదు. పది ప్రశ్నలు వరసగా అడిగితే వాటి వాలు ఎటుందో పాఠకుడికి తెలిసిపోతుంది. ఇక్కడ ఆ వాలు రెండు వైపులకే ఉంది: ఆమె బాధితురాలు, లేకపోతే తిరుగుబాటుదారు. రెండింట్లో ఏదైనా ఆమె ఒక కథలో నాయికే. రోజూ పొద్దున్నే లేచి, గడ్డి పీకి, కూలి డబ్బులు లెక్కపెట్టుకుని, విసుగ్గా పడుకున్న మామూలు మనిషికి ఆ ప్రశ్నల్లో చోటు తక్కువ.

ఇక్కడ నాకు ఫ్రెంచి చరిత్రకారుడు అలెన్ కోర్బాఁ గుర్తొచ్చాడు. 1998లో ఆయన ఒక వింత పుస్తకం వేశాడు. ఓర్న్ ప్రాంతపు ఆర్కైవులో ఒక ఊరిని, ఆ ఊరి జనన పట్టికల్లోంచి రెండు పేర్లను గుడ్డిగా ఎంచుకున్నాడు. ఇద్దరిలో ఒకడు చిన్నవయసులోనే పోయాడు కాబట్టి రెండోవాణ్ని తీసుకున్నాడు: లూయీ ఫ్రాన్స్వా పినాగో, 1798లో పుట్టి 1876లో పోయిన చెక్కచెప్పుల పనివాడు. అక్షరం రాదు. అతని గురించి కోర్బాఁ రాసిందంతా అతని చుట్టూ ఉన్నదే: ఆ అడవి, ఆ చప్పుళ్లు, ఆ అప్పులు, ఆ ఇరుగుపొరుగు. మధ్యలో మనిషి ఆకారంలో ఒక ఖాళీ అలాగే మిగిలిపోతుంది. కోర్బాఁకు పినాగో ఏమీ కాడు. అందుకే అంత నిబ్బరం. బహదూర్‌కి సుజారియా ముత్తవ్వ. ఆమె ఊరు వెతుక్కుంటూ బీహార్ దాకా వెళ్లింది. నాకు కోర్బాఁ పద్ధతి నచ్చింది, బహదూర్ పుస్తకం మీద ప్రేమ కలిగింది. ఈ రెండూ ఒకటి కావు.

నా ఉద్యోగంలో డేటాబేసులో ఖాళీ గడి కనిపిస్తే రెండు అర్థాలు తీస్తాం: విలువ లేదు, లేదా విలువ తెలీదు. వలస పాసులో ఖాళీకి మూడో అర్థం కూడా ఉండొచ్చు. గుమాస్తా అడిగాడు, ఆమె చెప్పలేదు. ఒంటి మీద మచ్చతో సహా అన్నీ రాసుకున్న ఆఫీసులో, తన దగ్గరే ఉంచుకోగలిగింది ఆ ఒక్క జవాబేనేమో. అలాంటప్పుడు నూరేళ్ల తర్వాత మునిమనవరాలు ప్రేమతో అడిగినా, అడుగుతున్నది ఆ గుమాస్తా ప్రశ్నే కదా! ముత్తవ్వ గురించి తెలుసుకునే హక్కు మనకుంటే, చెప్పకుండా ఉండే హక్కు ఆమెకూ ఉంటుంది. ఈ చిక్కు దగ్గర పుస్తకం ఇంకాస్త సేపు ఆగాల్సింది.

ఇదంతా మనకు దూరపు సంగతి కాదు. నేటాల్‌కు మొదటి కూలీలతో వెళ్లిన 'ట్రూరో' ఓడ 1860లో మద్రాసు నుంచే బయల్దేరింది. నేటాల్ ఓడల జాబితాల్లో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లు కనిపిస్తాయి. ఒక్కొక్కరికీ ఒక నంబరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తు. వింతేమిటంటే, ఆ ఓడెక్కిన ఏ అప్పలమ్మ గురించో డర్బన్‌లో ఇంత సమాచారం ఉంది, ఓడెక్కకుండా ఊళ్లోనే ఉండిపోయిన ఆమె చెల్లెలి గురించి మన దగ్గర ఒక ముక్క ఉండకపోవచ్చు. భూమి ఉన్న మగవాడైతే అడంగల్లోనో పహాణీలోనో దొరుకుతాడు. భూమి లేని ఆడమనిషి ఎక్కడ దొరుకుతుంది? ఇళ్లల్లో గొప్పగా అచ్చేయించుకునే వంశవృక్షాల్లో కూడా చాలావాటిలో కూతుళ్లు కొమ్మలు కాలేదు. సర్కారు తనకు పనికొచ్చే మనుషుల గురించే రాసుకుంటుంది. కాబట్టి రికార్డు దొరకడం అదృష్టమే, కానీ ఆ అదృష్టానికి ఖరీదు కట్టింది ఆ కూలి మనిషి.

శీర్షికలోని మాట గురించి కూడా చెప్పాలి. కరీబియన్ దీవుల్లో 'కూలీ' అన్నది తిట్టు. బహదూర్ దాన్ని తెలిసే పెట్టుకుంది, ముందే వివరణ కూడా ఇచ్చుకుంది. తెలుగు పాఠకుడికి ఆ తిట్టు వెనకున్న పాత అర్థం ఇంకా బతికే ఉంది: కూలి అంటే చేసిన పనికి రావలసిన డబ్బు. పుస్తకం మొత్తం మీద సుజారియాకు జరిగిన అన్యాయం గురించీ, ఆమె ధైర్యం గురించీ ఎంతో ఉంది. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ కూలి లెక్కలే: ఎన్ని పనులకు ఎంత ఇచ్చారు, ఎందుకు కోశారు, ఎవరు అడిగారు. ముత్తవ్వ మనసులో ఏముందో మనకు తెలియకపోయినా పర్వాలేదు. ఆమెకు ఎంత బాకీ ఉన్నారో తెలుస్తోంది. ఆ పేజీల కోసమైనా ఈ పుస్తకం చదవండి.