జీతపు బేరం: ఆఫర్ లెటర్ మీద ఒక విమర్శ

ఉద్యోగమిస్తామని కంపెనీ రాసే ఆఫర్ లెటర్‌ను మన విమర్శకులు ఇంతవరకు రచనగా పరిగణించలేదు. పరిగణించటం అవసరమని నా అభిప్రాయం. మన విద్యార్థులు నాలుగేళ్ళ చదువు ముగించే నాటికి ఏ కావ్యాన్నీ చదవనంత ఆత్రంగా చదివేది ఆ రెండు మూడు పుటలనే. ఆత్రంగా చదవటం వేరు, అర్థం చేసుకొని చదవటం వేరు. రెండవది నేర్పే బాధ్యత ఉపాధ్యాయులది.

జీతమనే మాట జీవితమనే మాటకు వికృతి అని నిఘంటువులు చెబుతాయి. పూర్వం మన పల్లెల్లో పాలేరును ఏడాదికి కుదుర్చుకునేటప్పుడు ఇంత ధాన్యమని, పైన చెప్పుల జత అని, గొంగడి అని మాట్లాడుకునేవారు. ఆ బేరం న్యాయమైనదని నేననను. అప్పు మెడకు చుట్టుకున్నవాడికి బేరమాడే స్వేచ్ఛ ఎక్కడిది? కాని కొలత మాత్రం కంటికి కనిపించేది. నేటి లేఖలో అంకె పెద్దదైంది, కొలత మరుగునపడింది.

ఆ మరుగు ఎలాంటిదో ఒక లెక్క వేసి చూద్దాం. లేఖలో సి.టి.సి. ఏడాదికి 6,00,000 రూపాయలని ఉన్నదనుకుందాం. కుర్రవాడు పన్నెండుతో భాగించి నెలకు 50,000 అని ఇంట్లో చెబుతాడు. సి.టి.సి. అంటే అతనికి వచ్చేది కాదు. అతని నిమిత్తం కంపెనీకి అయ్యే ఖర్చు. బేసిక్ అందులో సగం, అంటే 3,00,000. దానిపై 12 శాతం చొప్పున యజమాని ప్రావిడెంట్ ఫండ్ వాటా 36,000. గ్రాట్యుటీ పేర 4.81 శాతం చొప్పున 14,430. ఆరోగ్య బీమాకు 9,570. పనితీరును బట్టి ఇస్తామనే వేరియబుల్ పే 60,000. ఇవన్నీ కలిపి 1,20,000. మిగిలినది నెలకు 40,000. అందులోనుంచి అతని సొంత ఫండ్ వాటా 3,000, వృత్తి పన్ను 200 పోగా చేతికి వచ్చేది 36,800.

ఫండ్ సొమ్ము అతనిదే గనుక దాన్ని మోసమనలేము. గ్రాట్యుటీ సంగతి వేరు. శాశ్వత ఉద్యోగి సాధారణంగా అయిదేళ్ళు పనిచేస్తేనే దానికి అర్హుడు. మూడేళ్ళకు మానినవాడికి అది రాదు. కాని మూడేళ్ళూ అతని జీతంలో ఉన్నట్టే లెక్క చూపుతారు. వేరియబుల్ పే ఎంత రావాలో నిర్ణయించేది యజమాని. రాకపోవచ్చునన్న మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, మినహాయింపుగల అలవెన్సుల వంటివి మొత్తం ప్రతిఫలంలో సగం మించితే, ఆ మించిన భాగాన్నీ వేతనంగానే లెక్కించాలి. బేసిక్‌ను తగ్గించి, ఫండ్‌నూ గ్రాట్యుటీనీ తగ్గించే పాత ఉపాయానికి ఇది కొంత అడ్డు. లేఖ చేత పట్టుకొన్న విద్యార్థికి ఇది తెలిసి ఉండాలి.

ఇక రెండవ రచన: జీతం బేరమాడటం ఎలా అని నేర్పే పుస్తకాలు. వీటి సారాంశం ఒక్కటే. నీ విలువ నీకు తెలియాలి, ధైర్యంగా అడగాలి, నవ్వుతూ అడగాలి, మొదటి అంకె ఎదుటివాడిచేత చెప్పించాలి. ఈ సలహాల్లో కొన్ని పనికివస్తాయని ఒప్పుకుంటాను. కాని వీటి వెనుకనున్న సిద్ధాంతం తప్పు. జీతం తక్కువైతే అది అడగటం చేతగానివాడి లోపమట! ఈ విధంగా వేతన సమస్య వాక్చాతుర్య సమస్యగా మారిపోతుంది.

బేరంలో బలం మాటలో లేదు, ఆగగలగటంలో ఉన్నది. ఈ సంగతి చెప్పినవాడు సోషలిస్టు కాడు, ఆడం స్మిత్. యజమాని చాలాకాలం ఆగగలడనీ, కూలివాడు వారాల తరబడి ఆగలేడనీ, యజమానులు పైకి చెప్పకపోయినా కూలి పెంచకుండా ఒకటై ఉంటారనీ అతడు 1776లోనే రాశాడు. విద్యారుణం వాయిదా నెత్తిమీద ఉన్న పిల్లకు, చేతిలో మరో రెండు లేఖలున్న పిల్లవాడికి ఒకే పుస్తకం ఒకే ధైర్యం బోధిస్తే ఫలితం ఒకటౌతుందా? పైగా బోల్స్, బాబ్‌కాక్, లై అనే పరిశోధకులు 2007లో ప్రచురించిన ప్రయోగాల్లో మరో విషయం బయటపడింది. జీతం పెంచమని అడిగినందుకు మగవారికంటే ఆడవారినే ఎక్కువగా చిన్నచూపు చూశారు. ధైర్యం చాలునన్న సిద్ధాంతం ఇక్కడ కుప్పకూలుతుంది.

మన శిబిరంలోనూ ఒక పొరపాటు అభిప్రాయం ఉన్నది. జీతం కోసం ఒంటరిగా బేరమాడటం స్వార్థమనీ, ఉన్న వ్యవస్థలో పదివేలు ఎక్కువైనా తక్కువైనా ఒకటేననీ కొందరు విద్యార్థి మిత్రులు నాతో వాదించారు. ఇది విప్లవాత్మకంగా కనిపిస్తుంది. ఫలితంలో యజమానికి లాభం. కూలి పెరిగితే ధరలు పెరుగుతాయి గనుక పోరాటం వృథా అని వెస్టన్ వాదించినప్పుడు, 1865లో మార్క్స్ అంతర్జాతీయ సంఘపు సభలో ఆ వాదాన్ని ఖండిస్తూ ఉపన్యసించాడు. రోజువారీ వేతన పోరాటాన్ని వదులుకున్నవారు పెద్ద పోరాటానికి అర్హత కోల్పోతారన్నది ఆయన ఉద్దేశం. అదే ఉపన్యాసంలో ఆ పోరాటమే సర్వస్వం కాదనీ హెచ్చరించాడు. ఈ రెండు మాటలనూ కలిపి పట్టుకోవాలి.

అందుచేత అడగమనే నా సలహా. అడిగేది సి.టి.సి. గురించి కాదు, ప్రతినెలా తప్పక వచ్చే సొమ్మెంత అని. వేరియబుల్ పేలో కొంత స్థిర జీతంలోకి మార్చమని అడగవచ్చు. బీమా తల్లిదండ్రులకు వర్తిస్తుందా, నోటీసు గడువు ఎన్నాళ్ళు, ఆ గడువు ఇరుపక్షాలకూ సమానమా, మధ్యలో మానితే కట్టవలసిన బాండు ఉన్నదా అని విచారించాలి. నోటిమాటగా ఇచ్చిన హామీని కాగితం మీదికి తెప్పించుకోవాలి. పాత జీతమెంత అనే ప్రశ్నకు, ఈ పనికి మీరు కేటాయించినదెంత అన్న ఎదురుప్రశ్న మర్యాదైన జవాబే. అభ్యర్థికి జీతపు శ్రేణిని ముందే తెలియజేయాలనీ, పాత జీతం అడగరాదనీ యూరోపియన్ యూనియన్ 2023లో ఆదేశం చేసి, సభ్యదేశాలకు 2026 జూన్ 7 వరకు గడువిచ్చింది. మన వేతనాల కోడ్‌లో అటువంటి నియమం లేదు.

ఇదంతా ఒంటరి బేరం పరిధిలోనిది. దీనికి అవతలిది చూడాలంటే ప్రభుత్వ బ్యాంకులో చేరే గుమాస్తాను చూడండి. ఆమె ఎవరి ఎదుటా నవ్వుతూ అంకె చెప్పనక్కరలేదు. ఆమె పరీక్ష రాయకముందే ఆమె తరఫున బేరం జరిగిపోయింది. 1966లో బ్యాంకు యాజమాన్యాలకు, ఉద్యోగ సంఘాలకు మధ్య కుదిరిన మొదటి ద్వైపాక్షిక ఒప్పందం నుంచి 2024 మార్చిలో సంతకాలైన పన్నెండవ ఒప్పందం వరకు ఆ పరంపర సాగింది. జీతపు శ్రేణి అచ్చయి ఉంటుంది. పక్క బల్ల దగ్గరి మనిషి జీతం రహస్యం కాదు.

కంపెనీ లేఖలో మాత్రం జీతం గోప్యంగా ఉంచాలన్న షరతు తరచు కనిపిస్తుంది. నా దృష్టిలో ఆ లేఖ మొత్తానికి ముఖ్యమైన వాక్యం అదే. తోటివాడి జీతం తెలియనివాడికి తన జీతం తక్కువో ఎక్కువో తెలియదు. తెలియనివాడు తన విలువ ఇంతేననుకుంటాడు. ప్రైవేటు కళాశాలల్లో పనిచేసే నా మిత్రులు కొందరు పదేళ్ళుగా ఒకే గదిలో కూర్చుంటూ కూడా ఒకరి జీతం ఒకరికి చెప్పుకోలేదు. చెప్పుకొన్ననాడు ఇద్దరికీ కోపం వచ్చింది, ఒకరిమీద ఒకరికి కాదు.

క్యాంపస్ ప్లేస్‌మెంట్లు జరిగే కళాశాలల్లో ఒక పని వెంటనే మొదలుపెట్టవచ్చు. పూర్వ విద్యార్థులు తమ పేర్లు లేకుండా, ఏ పనికి ఏ ఏడు స్థిర జీతమెంత, చేతికి వచ్చినదెంత, నోటీసు ఎన్నాళ్ళు, బాండు ఎంత అని రాసి ఇవ్వాలి. ఉపాధ్యాయులు దాన్ని జూనియర్ల ముందుంచి ఒక పాఠంగా చెప్పాలి. ఆ పట్టిక సంఘం కాదు, సమ్మె కాదు. కాని ఆఫర్ లెటర్ చేతికందిన పిల్ల మేనేజరు ఎదుట కూర్చున్నప్పుడు, ఆమె వెనుక నలభైమంది అనుభవం ఉంటుంది.