‘కారణం’ అనే గడి

ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ) విద్యార్థుల ఫీల్డ్‌వర్క్ రిపోర్టులు దిద్దేటప్పుడు నా చూపు ముందు ‘సమస్యకు కారణం’ అన్న గడి మీద పడుతుంది. శామీర్‌పేట, కీసర వైపు ఇటుక బట్టీలకు వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది బట్టీ పిల్లలు బడికి రాకపోవడానికి అక్కడ ఒకటే రాస్తారు: తల్లిదండ్రుల్లో అవగాహన లేదు. పరిష్కారం: అవగాహన సదస్సు. బిస్కెట్ ప్యాకెట్లు పంచిన ఫొటో కూడా అంటిస్తారు.

కొట్టేసి మళ్లీ పంపుతాను. ఈసారి ఏమీ చెప్పొద్దు, చూసి రండి అంటాను.

బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి వచ్చే ఒడిశా కుటుంబాలు సొంతూళ్లోనే అడ్వాన్సు తీసుకుని బయల్దేరతాయి. కూలి వెయ్యి ఇటుకల లెక్కన. ఒకరు మట్టిముద్ద అందిస్తే ఇంకొకరు అచ్చు పోస్తారు. ఆరబెట్టిన పచ్చి ఇటుకను మధ్యలో తిరగేయాలి. పెద్దవాళ్ల కాలు పడితే నలిగిపోతుంది కాబట్టి ఆ పని తేలికగా ఉండే పిల్లలది. అది కళ్లారా చూసొచ్చిన విద్యార్థి ఆ గడిలో అడ్వాన్సు గురించి, కూలి రేటు గురించి రాస్తాడు.

సామాజిక న్యాయం గురించి అంబేడ్కర్ నుంచి జాన్ రాల్స్ దాకా క్లాసులో చెబుతూనే ఉంటాం. పరీక్షల్లో బాగానే రాస్తారు. ఫీల్డుకు వెళ్లాక జాలి మాత్రం వదలదు!

ఇదే శామీర్‌పేట మండలం అలియాబాద్‌లో ఎం.వి. ఫౌండేషన్ బడికి దూరమైన ఆడపిల్లలను బడికి సిద్ధం చేసే బ్రిడ్జి కోర్సు శిబిరం నడిపింది. 2003లో మెగసెసే అవార్డు అందుకున్న శాంతా సిన్హా నడిపించిన సంస్థ అది. పేదలకు చదువు మీద ఆశ ఉండదన్న వాదనను వాళ్లు మొదట్లోనే తోసిపుచ్చారు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డనూ బాలకార్మికుల కిందే లెక్కగట్టారు. తల్లిదండ్రుల దగ్గర ఆగిపోకుండా పని ఇచ్చే యజమానినీ, బడినీ, పంచాయతీనీ నిలదీశారు.

అందుకే రిపోర్టులో ‘ఎవరు జవాబుదారీ’ అని ఇంకో గడి కలిపాను. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976 నుంచే ఉంది. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యతను 2009 విద్యాహక్కు చట్టం స్థానిక సంస్థలపై పెట్టింది. అర్థం కాకపోతే అడగడానికి శామీర్‌పేటలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ఆ గడి నింపాలంటే విద్యార్థి దరఖాస్తు పట్టుకుని మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసు మెట్లెక్కాల్సిందే.

ఫీల్డ్‌వర్క్ టైంటేబుల్ వేసే తోటి అధ్యాపకులకు ఒక మాట. విద్యార్థుల్ని బట్టీలకు పంపేదేదో జనవరిలోనే పంపండి. మేలో బడి ఉండదు. బడి తెరిచే జూన్ నాటికి ఆ కుటుంబాలే ఉండవు.