హెచ్‌ఎం కుర్చీలో ఎవరుండాలి?

ఈ వారం పదోన్నతుల జాబితాలో నాకు బాగా తెలిసిన లెక్కల టీచరమ్మ పేరు చూసి, సంతోషించాల్సింది పోయి ఉసూరుమన్నాను. పదో తరగతి పిల్లలకు త్రికోణమితి అంటే భయం పోగొట్టిన మనిషి. ఇక హెచ్‌ఎంగా ఆమె పొద్దంతా మధ్యాహ్న భోజనం బిల్లులు, గుడ్ల లెక్క, యాప్‌లో హాజరు, డీఈఓ ఆఫీసు ఫోన్లతోనే సరి.

పనిమంతుల్ని పనిలోంచి లాగేయొద్దని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు మొత్తుకున్నాను. పోస్టు మారకపోయినా 6, 12, 18, 24 ఏళ్లకు మన టీచర్లకు స్కేలు పెరుగుతుంది, నిజమే. కానీ అది సర్వీసుకు దక్కేది. పాఠం ప్రాణం పెట్టి చెప్పినవారికీ, మొక్కుబడిగా చెప్పినవారికీ ఒకటే. ఇస్రోలో శాస్త్రవేత్త పైగ్రేడుకు వెళ్లాలంటే పైన ఖాళీ ఉందా అని చూడరు, చేసిన పనిని సమీక్షిస్తారు. బడికీ అలాంటి నిచ్చెన కావాలన్నది నా పాత పట్టు.

ఇంతదాకా వచ్చాక నా వాదనకు జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అడ్డు తగిలారు. హార్వర్డులో భాస్వరాన్ని కొలిచే పద్ధతి నుంచి ఏటీపీ దాకా ప్రయోగశాల బల్ల దగ్గర అంత పని చేసిన ఆయన, 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి పరిశోధన డైరెక్టరయ్యారు. నా లెక్కన అది సైన్సుకు నష్టం కావాలి. కాలేదు. విశ్వవిద్యాలయంలో రిటైరై 70 దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్‌కు అక్కడ చోటు దొరికింది. మట్టి నమూనాలు వెతికి వెతికి 1945లో ఆయన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను పట్టుకున్నారు. ఫోలిక్ ఆమ్లం నిర్మాణాన్ని, తయారీని వివరించిన 1946 నాటి పత్రంలో 16 పేర్లున్నాయి. డైరెక్టరు పేరు మొదట్లో లేదు, నడుమ ఎక్కడో ఉంది. తన కింద పనిచేసేవాళ్ల పని ఎంత కష్టమో చేతులారా తెలిసిన మనిషికే అలా నడుపుకురావడం సాధ్యమని నా నమ్మకం.

అందుకే టీచరమ్మ ఆ కుర్చీ వద్దనకూడదు. బిల్లులు, యాప్‌లు చూసేందుకు జూనియర్ అసిస్టెంటు లేని హైస్కూలు ఉండకూడదు. రోజుకో పీరియడు లెక్కలు ఆమెకే ఉంచాలి. నిచ్చెన కావాలని ఇప్పటికీ అంటాను. కాకపోతే ఇస్రోలో పనిని తూచేది ఆ పని తెలిసినవాళ్లే. పాఠం ఎలా సాగిందో వెనక బెంచీలో కూర్చుని పసిగట్టగల హెచ్‌ఎం లేని బడిలో, కొత్తగా చేరిన సైన్సు టీచరు సొంత డబ్బుతో సామాను కొనుక్కొచ్చి ప్రయోగం చేయించినా, రిజిస్టరులో అది ఇంకో పీరియడే.