‘గ్రీన్‌మాంటిల్’ నవలలో స్త్రీ గూఢచారి: హిల్డా ఫాన్ ఐనెం పాత్ర పరిశీలన

వ్యాససంగ్రహం

జాన్ బకన్ రచించిన ‘గ్రీన్‌మాంటిల్’ (1916) ఆంగ్ల నవలలో హిల్డా ఫాన్ ఐనెం జర్మనీ తరఫున ఒట్టోమన్ సామ్రాజ్యంలో పనిచేసే గూఢచారి. నవల ఆమెకు అపారమైన శక్తిని ఇచ్చింది గాని, ఆ శక్తికి మూలమైన మేధాశ్రమను తెర వెనుకనే ఉంచింది. కథనానికీ కథకూ మధ్య ఉన్న ఈ వైరుధ్యాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గూఢచారి నవల, ఒట్టోమన్ సామ్రాజ్యం, స్త్రీ పాత్ర చిత్రణ, ప్రాచ్యవాదం, విషకన్య.

1. ఉపోద్ఘాతం

1914 నవంబరు 14న ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ ప్రభుత్వం మిత్రరాజ్యాలపై జిహాద్ ప్రకటించింది. బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల ఏలుబడిలోని ముస్లిం ప్రజలను తిరుగుబాటుకు పురికొల్పాలన్నది జర్మనీ ఆశ. భారతీయ ముస్లిం సైనికులు పెద్దసంఖ్యలో ఉన్న బ్రిటిష్ సైన్యానికి ఇది ఆందోళన కలిగించిన విషయం. ఈ భయమే ‘గ్రీన్‌మాంటిల్’కు ఇతివృత్తం. తూర్పున ఒక ప్రవక్త వెలుస్తాడు. అతని పేరుతో జర్మనీ మతయుద్ధాన్ని రగిలించబోతుంది. రిచర్డ్ హానే, అతని మిత్రులు దానిని అడ్డుకోవాలి. బకన్ 1917లో బ్రిటిష్ ప్రభుత్వ సమాచార విభాగానికి సంచాలకుడయ్యాడు. కనుక ఈ నవలను వినోదరచనగానే గాక, యుద్ధకాలపు ప్రచార దృష్టికి దగ్గరగా నిలిచిన రచనగానూ చదవవలసి ఉంటుంది.

2. పేరు లేని ఆనవాలు

నవలలో హిల్డా తొలుత మనిషిగా కనిపించదు, అక్షరాలుగా కనిపిస్తుంది. ఒక బ్రిటిష్ గూఢచారి ప్రాణాలు విడిచే ముందు చేరవేసిన కాగితం ముక్క మీద మూడు ఆనవాళ్ళుంటాయి: ‘కస్రెదిన్’, ‘క్యాన్సర్’, ‘వి. ఐ.’. మొదటిది ఒక తుర్కీ నాటకానికి, రెండవది ప్రవక్తను కబళిస్తున్న వ్యాధికి సంబంధించినవి. మూడవది హిల్డా. ‘ఫాన్ ఐనెం’ అన్న జర్మన్ పేరును చెవితో విన్న ఆంగ్లేయుడు తన భాష వర్ణక్రమంలో రాసుకోవడం వల్ల ఆ పొడి అక్షరాలు మిగిలాయి. ఒక నాటకం, ఒక రోగం, ఒక స్త్రీ అనే వరుసలో ఆమె కూడా విప్పవలసిన చిక్కుముడి అయింది. పాఠకునికి ఆమె పరిచయం మొదటినుంచీ పరాయివాడి చెవి ద్వారా, పరాయివాడి రాత ద్వారానే జరుగుతుంది.

3. చూపుకు చిక్కిన పాత్ర

ఈ నవల ఉత్తమపురుష కథనం. కథకుడైన హానే తనకు స్త్రీలతో పరిచయం బహుస్వల్పమని ముందే ఒప్పుకుంటాడు. హిల్డా ఎదురైనప్పుడు అతడు ప్రధానంగా వర్ణించేది ఆమె లేతనీలి కళ్ళను, ఆమె ఠీవిని. ఆమెను ద్వేషిస్తూనే ఆమె దృష్టిలో పడాలని తహతహలాడతాడు. మతిలేనిదైనా, చెడ్డదైనా, ఆమె గొప్పదని అంగీకరిస్తాడు. అయితే ఆ గొప్పతనం ఎందులో ఉందో వివరించడు.

కథాగమనం మాత్రం వేరే సాక్ష్యం చెబుతుంది. ప్రవక్తను గుర్తించడం, అతణ్ణి ఒక పథకంలో ఇమడ్చడం, అతడు మరణించే స్థితిలో ప్రత్యామ్నాయం వెదకడం, ఇవన్నీ ఆమె ఆలోచనలే. జర్మన్ సేనానులకు లేని ప్రాంతీయ పరిజ్ఞానం ఆమెకు ఉంది. ఈ సంగతులన్నీ చాలావరకు శాండీ, బ్లెంకిరన్ వంటి పురుషపాత్రల మాటల్లోనే తెలుస్తాయి.

భారతీయ సంప్రదాయంలోని రెండు నమూనాలు ఇక్కడ ఉపకరిస్తాయి. అర్థశాస్త్రంలోని పరివ్రాజికకు అర్హత సౌందర్యం కాదు. మాటనేర్పు, అంతఃపురంలో గౌరవం, మహామాత్రుల ఇళ్ళలోకి వెళ్ళగల చొరవ. ముద్రారాక్షసంలోని విషకన్య ఇందుకు భిన్నంగా ఒక ఆయుధం మాత్రమే, ప్రయోగించేవాడు వేరు. బకన్ కథనం హిల్డాను విషకన్యగా చూపుతుంది. కథ మాత్రం ఆమెను రాక్షసమంత్రి స్థానంలో నిలుపుతుంది.

4. చరిత్రలోని స్త్రీలు

ఆ కాలపు వాస్తవం ఈ వైరుధ్యాన్ని మరింత స్పష్టం చేస్తుంది. గెర్ట్రూడ్ బెల్ 1915 నవంబరులో కైరోలోని బ్రిటిష్ గూఢచార విభాగంలో చేరింది. ఆమె పని అరబ్బు తెగల సమాచారాన్ని క్రోడీకరించడం. ఆమె బలం ఎడారి ప్రయాణాలలో గడించిన భాషాజ్ఞానం, పరిచయాలు. నిజజీవితంలో జ్ఞానంగా ఉన్నది నవలలో చూపుల మాయగా మారింది.

మరొక లోపం ఇంకా లోతైనది. ఒట్టోమన్ రాజధానిలో ప్రధాన ఘట్టాలు జరిగే ఈ నవలలో కథను నడిపే తుర్కీ స్త్రీ ఒక్కరూ లేరు. అదే నగరంలో హాలిదె ఎదిబ్ 1908 నుంచి పత్రికలలో రాస్తూ, 1912లో ‘హందాన్’ నవలను ప్రచురించింది. 1935లో ఢిల్లీ జామియా మిలియాలో ఉపన్యసించినది కూడా ఆమెయే. ఒట్టోమన్ స్త్రీ ఆలోచిస్తూ, రాస్తూ ఉన్న కాలంలోనే ఆంగ్ల నవల ఆ చోటును ఒక ఐరోపా స్త్రీతో నింపింది. ప్రాచ్యదేశం ఇక్కడ రంగస్థలంగా మిగిలింది. పాత్రధారిణి పశ్చిమం నుంచే వచ్చింది.

5. ఫలం ఎవరికి?

ప్రవక్త మరణించాక అతని స్థానంలో శాండీని నిలపాలన్నది హిల్డా సంకల్పం. అతణ్ణి ఆమె ప్రేమిస్తుంది కూడా. అతడు నిరాకరిస్తాడు. ఎర్జురుం వద్ద రష్యన్ ఫిరంగి గుండు తగిలి ఆమె మరణిస్తుంది. శత్రువులే ఆమెను గౌరవంగా పూడ్చిపెడతారు. ఆ తరువాత రష్యన్ అశ్వికులతో కలిసి శాండీ ఆకుపచ్చని వేషంలో ఎర్జురుం వైపు దూసుకుపోతాడు. ఎదురుచూసే జనానికి ప్రవక్తగా కనిపిస్తాడు.

ఈ ముగింపు గమనార్హం. హిల్డా పథకం విఫలం కాలేదు, చేతులు మారింది. రాక్షసుడు చంద్రగుప్తునిపై ప్రయోగించిన విషకన్యను చాణక్యుడు పర్వతకునిపైకి మళ్ళించినట్లు, ఆమె ఆలోచన ఆమె పక్షానికే ఎదురు తిరిగింది. రాక్షసునికి నాటకాంతంలో మంత్రిపదవి దక్కింది. హిల్డాకు దక్కింది సమాధి మాత్రమే. ఆమె మేధను స్వీకరించడానికి ఆమె మరణం అవసరమైంది.

6. ముగింపు

హిల్డాను ‘శక్తిమంతమైన స్త్రీ పాత్ర’ అని మెచ్చుకోవడం గాని, ‘మోహిని’ అని కొట్టివేయడం గాని నవల కథనాన్ని యథాతథంగా నమ్మడమే అవుతుంది. ఆమె విషయాన్ని ఎవరు చెబుతున్నారు, ఆమె శ్రమ ఎక్కడ కనబడుతోంది, ఆ శ్రమఫలం ఎవరికి చేరుతోంది అనే మూడు ప్రశ్నలు వేసినప్పుడే పాత్ర అసలు స్వరూపం తెలుస్తుంది. తెలుగు డిటెక్టివ్ నవలలోని స్త్రీ పాత్రలపై పరిశోధించేవారికీ ఈ ప్రశ్నలు ఉపయోగపడతాయి. వర్ణనలో ఎంత చోటు దక్కిందన్నది పాత్ర ప్రాధాన్యానికి కొలమానం కాదు. నిర్ణయాలలో ఎంత చోటు దక్కిందన్నదే కొలమానం.